వరిమడి పేరు

చేసినవాని యుద్దేశము మంచిది కాకున్నను ఫలము మంచిదైన యెడల దానిని మేలనవచ్చునా? జపాను దేశపు టింటిపేళ్ల చరిత్ర యీ ప్రశ్నకు దావిచ్చుచున్నది.

ఆ దేశమున “తనాకా” యను నింటిపేరు గలవారు పెక్కుమంది. “తా” యనగా వరిమడి. “నాకా” యనగా నడుమ. మడి నడుమ నివసించువారని భావము. 1609లో మరణించిన యనగావా ప్రభువు తనాకా యొషిమాసాది యీ పేరే. కాని టోకుగావా పాలనలో, మడిలో నిలిచి నాట్లు వేయు రైతు తన కింటిపేరున్నను దానిని బహిరంగముగ వాడరాదు. ఇంటిపేరును కత్తియు సమురాయిల గౌరవచిహ్నములు. ఇతరులలో కొందరికి మాత్రమే యవి యనుగ్రహముగ లభించెడివి.

1870లో సామాన్యుల కనుమతి కలిగినది. 1875లో నదియే నిర్బంధమైనది. సైన్యమున జేర్పవలసినవారిని గుర్తించుట కీ యేర్పాటు వలసెను.

మొదట నిషేధము, పిదప నిర్బంధము: రెంటియందును రైతు నభిప్రాయ మడిగినవారు లేరు. అయినను నాటి శాసనమును మేము కేవలము నిందింపజాలము. ప్రభువునకును రైతునకును నొకే పేరు చెల్లుట స్వల్పమైన మార్పు కాదు. పాలకులు కోరినది లెక్క. ప్రజలకు దక్కినది సమత్వము. అయితే లెక్కకై వచ్చిన పేరును గౌరవముగ మార్చుట యిచ్చినవారి పని కాదు, ధరించినవారిదే.