పక్కింటి మనిషా, పెట్టెలో మనిషా?

"సాయిబులు ఎట్లుంటరు?" అని గద్వాల గల్లీలో ఎవరినైనా అడిగి చూడండి. ఎట్లుంటరేంది, మా లెక్కనే ఉంటరంటాడు. ఫలానా సాయిబు పరుపులు కుడతడు, ఫలానా సాయిబు బాకీ ఎగ్గొట్టిండు, ఫలానా ఖాలా మా బిడ్డ కాన్పుకు తెల్లారిందాక కూసుంది అని లెక్క చెప్తాడు. మంచీ చెడూ రెండూ చెప్తాడు. అదే మనిషిని "ముస్లింలు ఎట్లుంటరు?" అని అడగండి. గొంతు మారుతుంది. అప్పుడతను చెప్పేది మా గురించి కాదు. సినిమాలో చూసినవాడి గురించి, టీవీలో చూసినవాడి గురించి, ఫోన్లో వచ్చినవాడి గురించి. ఒకే మనిషిలో ఈ రెండు జవాబులూ ఎట్లా ఇముడుతున్నాయి? పక్కింటి మనిషి కంటే పెట్టెలో మనిషి ఎందుకు ఎక్కువ నిజమయ్యాడు? ఇది పత్రికల గురించి, టీవీల గురించి అడిగే ప్రశ్నలా కనిపిస్తుంది. మాకు మాత్రం ఇది నీతికి సంబంధించిన ప్రశ్న.

పెట్టె రాకముందు మేము ఒకరికొకరం తెలిసింది ముఖాముఖి. పీర్ల పండుగకు వనపర్తి, నాగర్‌కర్నూల్ వైపు ఊర్లలో అలావ చుట్టూ తిరిగేవాళ్లలో మాతోపాటు అన్ని కులాల హిందువులూ ఉండేవాళ్లు. హసన్ హుసేన్‌ల మీద పాటలు తెలుగులోనే పాడేవాళ్లు. పాత రోజులన్నీ బంగారమని మేము అనడం లేదు. వెట్టి ఉంది, అంటరానితనం ఉంది, దొరల దబాయింపు ఉంది. కానీ తిట్టినా, కొట్టినా, కలిసి ఏడ్చినా ఎదుటి మనిషి పేరు తెలిసే చేసేవాళ్లు.

మొదట వచ్చిన పెట్టె రేడియో. హైదరాబాద్ రాజ్యంలో 1930లలోనే దక్కన్ రేడియో పలికింది. ప్రధానంగా ఉర్దూలో పలికింది. రాజ్యంలో ఎక్కువమంది మాట్లాడింది తెలుగు, మరాఠీ, కన్నడం. ఇక్కడ మేము గుండె మీద చెయ్యేసుకుని ఒక మాట ఒప్పుకోవాలి. తన నాలుక మీది భాషకు అధికారంలో చోటు లేకపోతే మనిషికి ఎట్లుంటుందో ఆనాడు తెలుగువాడికి తెలిసింది, ఉర్దూ వాడికి తెలియలేదు. గద్వాల సంస్థానంలోని ఇటిక్యాలపాడు నుంచి వచ్చిన సురవరం ప్రతాపరెడ్డి 1926లో గోలకొండ పత్రిక పెట్టాడు. తెలంగాణలో కవులు లేరన్న మాటకు జవాబుగా 1934లో 354 మందితో గోలకొండ కవుల సంచిక తెచ్చాడు. 1952లో వనపర్తి నుంచే శాసనసభకు ఎన్నికయ్యాడు. ఆయన చేసిన పని ఏమిటి? మీకు కనబడనంత మాత్రాన మేము లేనట్టు కాదు, లెక్కపెట్టుకోండి అని చెప్పడం. ఈ రోజు ముస్లిం రచయితలం చేస్తున్నదీ అదే పని. ఆ లెక్కన ఆయన మాకూ పూర్వీకుడే.

ఇంకో సగం నిజం కూడా ఉంది. ఉర్దూలో పలికినందుకు ఆ రేడియో మాదైందా? నిజాం ముస్లిం. గద్వాల, వనపర్తి సంస్థానాధీశులు హిందువులు. దూది ఏకే సాయిబు, బిచ్చమెత్తే ఫకీరు ఆ ఇద్దరికీ ఏమీ కారు. రేడియో కొనే తాహతు వాళ్లకు లేదు. 1950లో ఆ స్టేషన్ ఆకాశవాణి చేతికి పోయింది. రాజు జాతి అన్న ముద్ర మాత్రం మాకు మిగిలింది. తినని కూడుకు బాకీ కట్టడమంటే ఇదే.

ఈ సంగతి మా పాలమూరుకే ప్రత్యేకం కాదు. అమెరికాను చూద్దాం. 1915లో అక్కడ 'బర్త్ ఆఫ్ ఎ నేషన్' అనే సినిమా వచ్చింది. నల్లవాళ్లను మృగాలుగా, వాళ్ల మీద దాడి చేసే ముసుగు మూకను వీరులుగా చూపింది. నల్లవాళ్ల హక్కుల సంస్థ ఎన్.ఎ.ఎ.సి.పి. నిరసన తెలిపింది. అదే ఏడాది, చచ్చిందనుకున్న కు క్లక్స్ క్లాన్ మళ్లీ లేచింది. 1920 నవంబర్ 2న పిట్స్‌బర్గ్‌లో కె.డి.కె.ఎ. రేడియో అధ్యక్ష ఎన్నికల ఫలితాలు చెప్పింది. పదేళ్లు తిరగకముందే రేడియో ఆ దేశాన్నంతా ఒకే నట్టింట్లో కూర్చోబెట్టింది. ఆ నట్టింటిని విపరీతంగా నవ్వించింది 1928లో మొదలైన 'ఏమోస్ అండ్ ఆండీ'. నల్లవాళ్ల యాసను ఎక్కిరిస్తూ పలికింది ఇద్దరు తెల్ల నటులు. ఆ వేళకు సినిమాహాళ్లు ఆట ఆపి రేడియో వినిపించేవి. 1931లో పిట్స్‌బర్గ్ కొరియర్ అనే నల్లవాళ్ల పత్రిక దానికి వ్యతిరేకంగా సంతకాలు సేకరించింది. కార్యక్రమం ఆగలేదు. నల్లవాళ్లలోనూ దాన్ని విని నవ్వినవాళ్లున్నారు.

ఈ చివరి మాట దగ్గర మేము ఆగిపోతాం. ఎందుకంటే మేమూ నవ్వాం. తెలుగు సినిమాలో సాయిబు వస్తాడు. లుంగీ, నోట్లో పాన్, "నీకీ, నాకీ" అంటూ వచ్చీరాని తెలుగు. హాల్లో అందరితో కలిసి పగలబడి నవ్వాం. ఇంటికొచ్చే దారిలో కిరాణం కొట్టు దగ్గర మా అబ్బా అచ్చం అట్లనే "నీకీ" అన్నాడు. అప్పుడు నవ్వు రాలేదు. సిగ్గేసింది. సినిమా మీద కాదు, అబ్బా మీద సిగ్గేసింది. పెట్టె చేసే అసలు నష్టం అది. అది ఇతరులకు మమ్మల్ని చూపించడమే కాదు, మాకు మమ్మల్ని చూపించింది.

మిగతా తెరలో మా వాటా ఎంత? ఒక పక్క అక్బర్ పాదుషా. ఇంకో పక్క హీరో కోసం ప్రాణమిచ్చే స్నేహితుడు. 1990ల నుంచి బాంబు పెట్టేవాడు. పాదుషాకూ బాంబుకూ మధ్య సైకిల్ పంక్చర్లు వేసుకునేవాడు, టీచర్ పోస్టుకు పరీక్ష రాసేది, ఫీజు కట్టలేక బడి మానేసినవాడు ఎక్కడ?

1927లో 'ద జాజ్ సింగర్' వచ్చింది. నిడివి గల సినిమాల్లో పాత్రల మాట వినిపించిన మొదటిది అదే. అందులో హీరో యూదుల ప్రార్థనా మందిరంలో పాడే తండ్రికి కొడుకు. పేరు మార్చుకుంటాడు. ముఖానికి నల్లరంగు పూసుకుని స్టేజి ఎక్కుతాడు. ఒక మైనారిటీ బిడ్డ అందరివాడు కావడానికి ఇంకో అణగారిన జాతి ముఖాన్ని ముసుగు చేసుకున్నాడు. మా దగ్గర యూసుఫ్ ఖాన్ 1944లో దిలీప్ కుమార్‌గా తెర మీదికొచ్చాడు. ముంతాజ్ జహాన్ మధుబాల అయింది. మహజబీన్ మీనా కుమారి అయింది. హిందూ నటులూ పేర్లు మార్చుకున్నారు, నిజమే. కానీ అందరివాళ్లు కావడానికి వాళ్లు మతం దాటి పేరు వెతుక్కోలేదు. మహమ్మద్ రఫీ పేరు మార్చుకోలేదు. 1969లో 'భలే తమ్ముడు'లో రామారావుకు పాడినా రఫీగానే పాడాడు. గొంతుకు అడ్డం రాని పేరు ముఖానికి అడ్డం వచ్చింది.

పెట్టె చేసిన మేలు చెప్పకపోతే అన్యాయం. 1952లో ఆకాశవాణి సినిమా పాటను గుమ్మం బయట నిలబెడితే సిలోన్ రేడియో బినాకా గీత్‌మాలాతో పిలిచి పీట వేసింది. 1957లో వివిధ భారతి వచ్చింది. మా ఆడవాళ్లు పరదా దాటలేదు గానీ పాట పరదా దాటి వంటింట్లోకి వచ్చింది. మా ఇంట్లో ఒక ఖాలా ఎవరికీ చెప్పకుండా పోస్టుకార్డు రాసి పాట అడిగింది. ఒకరోజు రేడియోలో ఆమె పేరు చదివారు. మామూలు మండిపడ్డారు. ఆడపిల్ల పేరు ఊరంతా వినాల్నా అన్నారు. నాన్నీ మాత్రం మెల్లగా అడిగింది: "మళ్లీ ఎప్పుడు చెప్తరు?" మా పేర్లు తెర మీద లేవని బాధపడే మేము మా ఆడవాళ్ల పేర్లు గల్లీలో వినబడకుండా దాచినవాళ్లమే. ఈ బాకీ మేము మా వాళ్లకే పడ్డాం.

1975 ఆగస్టు 1న అమెరికా ఉపగ్రహం సాయంతో ఆరు రాష్ట్రాల్లో 2,400 ఊర్లకు టీవీ వచ్చింది. పాలమూరు జిల్లా అందులో ఉంది. సేద్యం, ఆరోగ్యం, బడిపిల్లల పాఠాలు చూపారు. ఏడాది గడువు ముగియగానే 1976 జులై 31తో ఉపగ్రహం సాయం ఆగిపోయింది. టీవీ మళ్లీ మా ఇళ్లకు వచ్చేసరికి సేద్యం వెనక్కిపోయి సీరియల్ ముందుకొచ్చింది. 1987 జనవరి నుంచి ఆదివారం పొద్దున రామాయణం. టీవీ ఉన్న ఇంటి ముందు చెప్పులు గుట్టపడేవి. అందులో మా చెప్పులూ ఉండేవి. కథ మాకు పరాయి అనిపించలేదు. తర్వాత వచ్చిన మహాభారతానికి మాటలు రాసింది రాహీ మాసూమ్ రజా. అయినా దేశమంతా ఒకే వేళకు ఒకే బొమ్మ చూడటంతో "మనం" అనే మాటకు కొత్త హద్దు పడింది. 1992 డిసెంబర్ 6 తర్వాత ఆ హద్దుకు అవతల ఎవరున్నారో మాకు అర్థమైంది. సీరియల్ మసీదును కూల్చిందని మేము అనం. ఊరేగింపు వాళ్లు వాడుకున్న బొమ్మలు మాత్రం అప్పటికే ఇంటింటా ఉన్నాయి.

2020 మార్చిలో ఢిల్లీ నిజాముద్దీన్ మర్కజ్ వార్త వచ్చింది. రోగానికి మతం అంటగట్టారు. బండి మీద కూరగాయలు అమ్మేవాణ్ణి పేరేమిటని అడిగిన సంఘటనలు దేశంలో ఎన్నో చోట్ల జరిగాయి. అదే ఏడాది ఆగస్టులో బొంబాయి హైకోర్టు ఔరంగాబాద్ బెంచి, జమాతుకు వచ్చిన విదేశీయులను బలిపశువులను చేశారని చెప్పి కేసులు కొట్టేసింది. తీర్పు ఎంతమంది ఫోన్లకు చేరింది?

సెక్యులర్ మిత్రులు ఒక మాటంటారు. జనానికి తెలియదు, పెట్టె మోసం చేసింది అని. మాకు ఈ మాట సరిపోదు. పక్కన నల్లవాడే లేని వీధిలో కూర్చుని రేడియో విన్న తెల్లవాడికి తెలియదనే సాకు కొంతైనా ఉంది. గద్వాలలో ఆ సాకు లేదు. గోడకు అవతలే మేమున్నాం. మీ కాన్పుకు వచ్చింది మేము, మీ పరుపు కుట్టింది మేము. సాక్షి పక్కనే ఉండగా పెట్టెను నమ్మడం తెలియనితనం కాదు, ఎంపిక. ఎంపికకు మనిషి జవాబు చెప్పుకోవాలి.

తీసేవాడికీ బాధ్యత ఉంది. సాయిబును చూపి నవ్వించడం తప్పు కాదు. సాయిబు ఉన్నది నవ్వించడానికే అన్నట్టు చూపడం తప్పు. నిషేధించమని మేము అడగం. ఇంకో పది ముఖాలు చూపమని అడుగుతాం. చూపకపోతే మేమే రాస్తాం, తీస్తాం.

మరి మా బాధ్యత? పీర్ల పండుగ మన దీన్‌లో లేదని ఊర్లలో మాలో కొందరు తప్పుకుంటున్నారు. ధర్మచర్చ ఎవరిష్టం వారిది. కానీ అలావ ఆరిపోతే ముఖాముఖి చూసుకునే ఇంకో చోటు వెతకాలి కదా. దళితుల గురించి, పక్క కులాల గురించి ఫోన్లో వచ్చిందాన్ని పంపేముందు మేము మాత్రం గోడ దాటి అడుగుతున్నామా?

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ 2016 నుంచి మూడూ వేరు వేరు జిల్లా కేంద్రాలు. కొత్త కాలనీల్లో ఇళ్లు మతాల వారీగా విడిపోతే రేపటి పిల్లవాడికి అడగడానికి పక్కిల్లే ఉండదు. అప్పుడు వాడికి నిజంగానే తెలియదు. ఇప్పుడు తెలిసినవాళ్లం ఇంకా బతికే ఉన్నాం. పెట్టె కట్టేసి ఒక్కసారి తలుపు కొట్టండి. మేమూ కొడతాం.