ఎండకు ఎదురేగని వాళ్లం

ఎండాకాలం ఏ రోజున మొదలవుతుంది? చేవెళ్ల బస్టాండులో ఎవరినైనా అడిగి చూడండి. చలి ఎప్పుడు పోతుందో చెబుతారు: శివరాత్రికి 'శివశివా' అంటూ పోతుంది. ఎండ ఎప్పుడు ముదురుతుందో చెబుతారు: రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయి. ఎప్పుడు చల్లబడుతుందో ఇంకా ధీమాగా చెబుతారు: మిరుగం నాడు, అంటే మృగశిర కార్తె వచ్చిన రోజున. మొదలు మాత్రం ఎవరూ చెప్పరు. ఏడాదిలో మనల్ని అన్నిటికంటే ఎక్కువగా శాసించే కాలానికి తొలిరోజంటూ లేదు. కొత్త రంజన్ కొన్న రోజా? ఊరి మొదట్లో చలివేంద్రం పెట్టిన రోజా? బడులకు ఒంటిపూట ఇచ్చిన రోజా? ఇవన్నీ ఎండ వచ్చి కూర్చున్నాక మనం చేసే సర్దుబాట్లు. ఇంటికి పెద్దమనిషి వస్తే గడప దాకా ఎదురెళ్లే జాతి, ఇంత పెద్ద అతిథి వస్తుంటే మొహం తిప్పుకుని ఎందుకు కూర్చుంది? కొన్నేళ్లుగా ఇది నన్ను తొలుస్తోంది.

చైనావాళ్లకు ఆ రోజు ఉంది. సూర్యుడి ఏడాది నడకను 24 భాగాలు చేసి ఒక్కోదానికి ఒక పేరు పెట్టుకున్నారు. క్రీ.పూ. 104 నాటి తైచు పంచాంగంలోనే ఆ లెక్క చోటు చేసుకుంది. 2016లో యునెస్కో వారసత్వ జాబితాకూ ఎక్కింది. అందులో 'లీషియా' అంటే వేసవి ప్రవేశం. మే 5న గానీ 6న గానీ వస్తుంది. పూర్వం ఆ రోజున చక్రవర్తి ఎర్రబట్టలు కట్టుకుని, పరివారంతో రాజధాని దక్షిణపు పొలిమేర దాకా వెళ్లి వేసవికి స్వాగతం చెప్పాలని నియమం. దక్షిణాది పల్లెల్లో ఉడికించిన గుడ్డును అల్లిక సంచిలో పెట్టి పిల్లల మెడలో వేస్తారు. వాళ్లు గుడ్డుకు గుడ్డు తాకించి ఎవరిది పగలలేదో చూసుకుంటారు. అన్నిటికంటే నాకు నచ్చింది తూకం. పెద్ద తక్కెడ కట్టి మనుషుల్ని తూస్తారు. శరత్తు మొదలైన రోజున మళ్లీ తూచి, ఎండాకాలం తమలో ఎంత కరిగించిందో లెక్క చూసుకుంటారు. కాలాన్ని ఇంత నిక్కచ్చిగా నిలదీసిన వాళ్లను నేనెక్కడా వినలేదు. మనమైతే టమాటాలు తూస్తాం, మనుషుల్ని తూచం.

మనకు తొలిరోజు లేకపోతే పోనీ, ఉన్న కాలానికి పేరైనా సరిగ్గా పెట్టుకున్నామా? మొయినాబాద్ దగ్గర బంధువుల గృహప్రవేశం. వైశాఖ మాసం, మంచి ముహూర్తమే. షామియానా కింద రెండు పెద్ద కూలర్లు వేడిగాలినే అటు నుంచి ఇటు తిప్పుతున్నాయి. కొత్త ఇంటి గచ్చు మీద కాలు పెడితే చుర్రుమంటోంది. దంపతులిద్దరూ చెమటలు కారుతూ పీటల మీద కూర్చున్నారు. పురోహితుడు సంకల్పం చెప్పిస్తున్నాడు. సంవత్సరం పేరు అయింది, అయనం అయింది, తర్వాత "వసంత ఋతౌ, వైశాఖ మాసే" అన్నాడు. దంపతులు అన్నారు. వెనక ఉన్న నేనూ పెదవి కదిపాను. ఒక్కరూ నవ్వలేదు. నలభై డిగ్రీల ఎండలో నిలబడి దేవుడికి ఇది వసంతమని విన్నవించుకున్నాం. భోజనాలయ్యాక ఆయన మజ్జిగ తాగుతుంటే పక్కన చేరాను.

"పంతులుగారూ, ఇది వసంతమేనంటారా?"

"చైత్ర వైశాఖాలు వసంతమే కదండీ."

"మరి ఈ ఎండ?"

ఆయన గ్లాసు కింద పెట్టి, "ఎండ సంగతి నన్నడక్కండి. ఋతువు సంగతి అడగండి" అన్నాడు.

ఎగతాళి చేయలేదాయన. రెండూ వేరు వేరు శాఖలన్నట్టు చెప్పాడు. ఇంటికొచ్చాక ఆ మాట మీద చాలాసేపు కోపం వచ్చింది. ఋతువుకూ ఎండకూ సంబంధం లేకపోతే ఋతువనే మాట దేనికి?

పూర్వులు అన్నీ లెక్కగట్టే పెట్టారని అనేవాళ్లతో నాకు పేచీ ఉంది. లెక్కగట్టారు, నిజమే. కానీ వాళ్లు లెక్క కట్టింది చుక్కలతో. సూర్యుడు ఫలానా నక్షత్రం దగ్గరికి వస్తే ఫలానా కార్తె. భూమి ఇరుసు నెమ్మదిగా వాలు తిరుగుతుండటం వల్ల చుక్కల ఏడాదికీ ఎండావానల ఏడాదికీ పొత్తు కుదరదు. సుమారు 72 ఏళ్లకు ఒక రోజు జారుతుంది. మేషసంక్రాంతి ఒకప్పుడు పగలూ రాత్రీ సమానమయ్యే రోజునే వచ్చేది. ఇప్పుడు ఏప్రిల్ 14కు చేరింది. మేఘనాద్ సాహా అధ్యక్షతన వేసిన పంచాంగ సంస్కరణ సంఘం ఈ తేడాను 23 రోజులుగా లెక్క తేల్చి, 1955లో నివేదిక ఇచ్చింది. 1957 మార్చి 22 నుంచి జాతీయ పంచాంగం అమలులోకి వచ్చింది. అది ఆకాశవాణి వార్తల్లో వినిపిస్తుంది, గెజిట్లో కనిపిస్తుంది, పీటల మీద కూర్చున్న దంపతుల నోటికి మాత్రం ఎక్కలేదు.

ఎక్కినా లాభం లేదనిపిస్తుంది నాకు. ఆ 23 రోజులూ వెనక్కి లాగి చూడండి. అప్పటికీ వసంతం ఏప్రిల్ దాకా సాగుతుంది. చేవెళ్లలో మార్చి ఆఖరుకే మధ్యాహ్నం రోడ్డు మీద మనిషి ఉండడు. ఆరు ఋతువులన్నవి ఎక్కడో ఉత్తరాన పుట్టిన కొలత. మన నోట సహజంగా వచ్చేవి మూడే: ఎండాకాలం, వానాకాలం, చలికాలం. ఇక 2025 సంగతి చూడండి. నైరుతి పవనాలు మే 24నే కేరళ తాకి, నెలాఖరుకు తెలంగాణ చేరాయి. సరిగ్గా ఆ వారంలోనే జ్యేష్ఠం వచ్చి, పంచాంగంలో గ్రీష్మం మొదలైంది. వాన వచ్చాక ఎండాకాలం వచ్చిందన్నమాట. రోళ్లు పగలాల్సిన రోహిణిలో రోళ్లలో నీళ్లు నిలిచాయి.

కార్తెలైనా నిలబడతాయా అంటే, అక్కడ ఇంకో చిక్కు. వాటి సామెతలు వేల ఏళ్ల నాటివని గొప్పగా చెబుతుంటారు. వేల ఏళ్ల నాటివైతే ఇవాళ తప్పాలి కదా! వెయ్యేళ్లకు పద్నాలుగు రోజులు, అంటే ఒక నిండు కార్తె జారుతుంది. నన్నయ నాటి రోహిణి, ఇవాళ్టి కృత్తిక ఉన్నచోట ఉండేది. నన్నయ నాటి మృగశిర మే నెలాఖరుకే వచ్చేసేది. 2025 లాంటి ఏడు ఎప్పుడో ఒకటి తప్ప అప్పటికి తొలకరి ఎక్కడ? సామెత ఇవాళ సరిపోతోందంటే అది అంత పాతది కాదనే అర్థం. లేదా ఎవరో ఎప్పటికప్పుడు తిరగరాస్తున్నారు. కానీ తిరగరాయడం ఎలా? భరణి కురిస్తే ధరణి పండుతుంది. ఆరుద్ర కురిస్తే దారిద్ర్యం ఉండదు. మృగశిర కురిస్తే ముసలి ఎద్దు రంకె వేస్తుంది. రోహిణికి రోళ్లు. ఈ సామెతల్లో వాన ఎంత, ప్రాస ఎంత? కృత్తికలో ఎండ ఎక్కువని రేపు రుజువైనా రోళ్లను కృత్తికకు మార్చగలరా? అనుభవం కంటే ప్రాస గట్టిది. అలాగని ఇదంతా ఉత్త ప్రాసే అని కొట్టేయబోతే ఆరుద్ర పురుగు అడ్డం వస్తుంది. ఎర్రటి మఖమలు లాంటి ఆ పురుగుకు ప్రాస తెలియదు. తొలి వానలు నేలలో దిగాక ఎర్ర చెలకల్లో తనంతట తాను పైకి వస్తుంది. అది రావడం, ఆ కార్తె రావడం దాదాపు కలుస్తాయి. ఇక్కడికొచ్చేసరికి నా తర్కం ఆగిపోతుంది. చాలాసార్లు ఇక్కడే ఆగింది.

ఆగినప్పుడల్లా మా పెద్దనాయిన గుర్తొస్తాడు. చేవెళ్ల పక్క ఊళ్లో ఆయనకు చెలక. నేను పట్నంలో చదువుకుంటున్న రోజుల్లో ఒక ఏడు రోహిణిలోనే రెండు పెద్ద వానలు పడ్డాయి. అటుపక్క చెలకవాళ్లు, ఇటుపక్కవాళ్లు పత్తి ఇత్తులు పెట్టేశారు. ఊరంతా పొలాల్లోనే ఉంది. పెద్దనాయిన ఒక్కడే అరుగు మీద కూర్చుని చుట్ట కాలుస్తున్నాడు. దుక్కి దున్ని ఉంది, ఇత్తనాల సంచి ఇంట్లో ఉంది. పెద్దమ్మ రెండుసార్లు సణిగి లోపలికి వెళ్లింది. నాకు ఉక్రోషం.

"నేల తడిసింది కదా పెద్దనాయినా?"

"తడిసింది."

"మరింకేంది?"

"మిరుగం రాలే."

"వానకు మిరుగమని తెలుస్తదా?" అన్నాను. చదువుకున్నవాడి ప్రశ్న.

ఆయన చుట్ట తీసి, మొగులు వైపు కూడా చూడకుండా, "వానకు తెల్వది. నాకు తెలుస్తది" అన్నాడు.

ఇలాంటి కథల్లో తర్వాత ఏం జరగాలో మీకు తెలుసు. వాన మొహం చాటేయాలి, తొందరపడ్డవాళ్ల మొలకలు మాడిపోవాలి, పెద్దాయన గెలవాలి. అలా జరగలేదు. ఆ ఏడు వానలు తెగలేదు. పక్కవాళ్ల పత్తి మోకాలెత్తు పెరిగినప్పుడు మాది రెండాకుల మీద ఉంది. ముందుగా ఏరినవాళ్లకు ధర కూడా కాస్త మెరుగ్గా దొరికింది. పెద్దనాయిన దాని గురించి బాధపడ్డట్టు నాకు కనిపించలేదు. "ఆనిది ఆనికి పండింది" అన్నాడంతే. మరుసటి ఏడు కూడా మిరుగం దాకా ఆగాడు.

ఆయన కాపాడుకున్నది పంటను కాదని అప్పుడే అర్థమైంది. మరి దేన్ని? వ్యవసాయాధికారులు ఇప్పుడు చెప్పేదీ దాదాపు ఇదే: 60 నుంచి 75 మిల్లీమీటర్ల వాన పడేదాకా పత్తి పెట్టొద్దు. తొలి వానకు మోసపోవద్దనే కదా వాళ్లూ అనేది. తేడా ఏమిటంటే, మిల్లీమీటర్లు వానకు లోబడి ఉంటాయి. వాన నిండితే ఆంక్ష తీరిపోతుంది. పెద్దనాయిన మిరుగం వానకు కూడా లొంగలేదు. జరగబోయేది చెప్పే లెక్కగా ఆయన దాన్ని ఎన్నడూ వాడుకోలేదు. ఆశ మీద వేసుకున్న పగ్గం అది. పగ్గం కాబట్టి ఒక్కోసారి నష్టం తెస్తుంది. నష్టం తేని పగ్గం పగ్గమే కాదని ఒక రోజు అనిపిస్తుంది. ఇది మూర్ఖత్వానికి నేను వేస్తున్న అందమైన ముసుగేనని ఇంకో రోజు అనిపిస్తుంది.

మిరుగం నాడు మాత్రం ఆయన పండగ చేసేవాడు. చెరువు చేపలు తెచ్చేవాడు. కొర్రమీను దొరికితే సరే, లేకుంటే బొచ్చె. చేపలు తిననివాళ్లు బెల్లంలో ఇంగువ కలిపి మింగేవారు. పట్నంలో బత్తినివారి చేప మందు కోసం నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానం నిండిపోయేది. ఆ రోజు తలుచుకుంటున్నప్పుడే చైనా లెక్క మరోలా కనిపించింది. లీషియా దాదాపు ఎప్పుడూ మే 5నో 6నో వస్తుంది. వాళ్లు చుక్కల్ని వదిలి సూర్యుడి నీడను పట్టుకున్నారు కనుక వెయ్యేళ్లయినా జారదు. అయితే అది కాలంలో తప్పకపోయినా దేశంలో తప్పుతుంది. ఆ రోజుకు దక్షిణ తీరంలో వేసవి ఎప్పుడో వచ్చేసి ఉంటుంది, ఈశాన్యంలో అప్పుడప్పుడే చలి వదులుతుంటుంది. పసుపు నది పక్కన పుట్టిన లెక్క అది. అక్కడ వేసవి అంటే ఎండిపోయే కాలం కాదు. వానలొచ్చి చేను ఎదిగే కాలం. చక్రవర్తి ఎర్రబట్టలు కట్టి ఎదురెళ్లింది పైరు ఎదిగే రోజులకు. ఆ లెక్కన వాళ్ల వేసవికి మన ఎండాకాలం జోడీ కాదు, మన వానాకాలం జోడీ. వాళ్ల లీషియాకు మన మిరుగం జోడీ. వాళ్లు గుడ్లు తింటారు, మనం చేపలు తింటాం. ఎదురెళ్లడం మనకూ ఉంది. ఎండకు ఎదురెళ్లలేదంటే, ఎండలో ఎదిగేదేమీ లేదు కనుక.

ఇంతటితో సందేహం తీరాలి. తీరలేదు, ఎందుకంటే మొయినాబాద్ ఇప్పుడు ఎండలోనూ పండిస్తోంది. జీవో 111 వచ్చి గండిపేట, హిమాయత్‌సాగర్ జలాశయాల చుట్టూ 84 ఊళ్లలో కట్టడాలను 1996లో కట్టడి చేసింది. 2022లో ఆ కట్టు సడలింది. ఆ నడుమ కాలంలోనే ఇక్కడ పాలీహౌసులు లేచాయి. ఒక జెర్బెరా రైతు దగ్గరికి మొన్న వేసవిలో వెళ్లాను. లోపల నీటి తుంపర, నీడ వల, చుక్కలు చుక్కలుగా పడే డ్రిప్. కార్తెల సంగతి అడిగితే, "మాకు కార్తెలేం కార్తెలన్నా" అని నవ్వాడు. ఎండను బయటే నిలబెట్టాడు. ఋతువు నుంచి విడుదలైన మొదటి రైతును చూశాననుకున్నాను.

అంతలో నా కళ్లు స్తంభానికి వేలాడుతున్న క్యాలెండర్ మీద పడ్డాయి. గోడ క్యాలెండరే, తిథులూ వర్జ్యాలూ ఉన్నది. వైశాఖంలో కొన్ని తేదీల చుట్టూ ఎర్ర సిరాతో సున్నాలు చుట్టి ఉన్నాయి. ఏమిటని అడిగాను. పెళ్లి ముహూర్తాలు. ఆ రోజుల్లో గుడిమల్కాపూర్ మార్కెట్లో పూల ధర లేస్తుంది. ఆషాఢం వస్తే పడిపోతుంది, మూఢం వస్తే ఇంకా పడిపోతుంది, శ్రావణంలో మళ్లీ లేస్తుంది. బయట తోటలో గులాబీ కూడా ఉందట. కొమ్మలు కత్తిరించాక ఆరేడు వారాలకు పూత వస్తుంది కాబట్టి, ముహూర్తం నుంచి వెనక్కి లెక్కపెట్టుకుని కత్తెర వేస్తాడు.

ఎండ లోపలికి రాకుండా ఆపాడు గానీ వైశాఖాన్ని ఆపలేకపోయాడు. పంతులుగారి మాట అక్కడ నాకు మళ్లీ తగిలింది, ఈసారి కోపం రాలేదు. వాతావరణం చెప్పలేని పంచాంగం ధర చెబుతోంది. అది తప్పో ఒప్పో తేల్చడానికి ఆకాశం వైపు చూడక్కర్లేదు. పదిమంది దాన్ని నమ్మి ఒకే రోజున పెళ్లిళ్లు పెట్టుకుంటే చాలు, అది నిజమై కూర్చుంటుంది. 23 రోజులు జారినా, 46 రోజులు జారినా వైశాఖం వైశాఖమే, పూలు ఆ రోజుకే కావాలి.

"ఈ ఏడు వైశాఖంలో ముహూర్తాలు తక్కువున్నయన్నా, మూఢం తగిలింది" అన్నాడు వెళ్లబోతుంటే. ఎండలు ఎలా ఉన్నాయని నేను అడగలేదు, అతనూ చెప్పలేదు.