అండమాన్ పోయిన పెద్దకు నువ్వులు, నీళ్లు

శంషాబాద్‌లో పౌరోహిత్యం చేసుకునే నాకు ఏటా భాద్రపద అమావాస్య పొద్దున తీరిక ఉండదు. తెలంగాణలో దాన్ని పెత్రమాస అంటాం. సాయంత్రం ఎంగిలిపూల బతుకమ్మ, పొద్దున పెద్దలకు బియ్యం ఇవ్వడం. స్టీలు పళ్లెంలో బియ్యం, కందిపప్పు, చింతపండు, గుమ్మడికాయ ముక్క, నాలుగు కూరగాయలు, పైన తమలపాకులో దక్షిణ పెట్టుకుని వస్తారు. గోత్రమేంటి, ఎవరి పేరు మీద ఇస్తున్నారు అని అడుగుతాను. తండ్రి, తాత, ముత్తాత పేర్లు చెబుతారు.

పోయిన పెత్రమాసకు వచ్చిన ఒకాయన ఆ మూడు పేర్లూ చెప్పి ఆగిపోయాడు. సొంతూరు రాజమండ్రి వైపు. విమానాశ్రయం కార్గోలో పని.

"ఇంకో పేరుందండి. మా తాతగారి తాత. ఖూనీ కేసులో రాజమండ్రి జైలు నుంచి అండమాన్ పంపేశారంట. మళ్లీ రాలేదండి. మా ఇంట్లో ఎవరూ ఆయన పేరెత్తరు. పెద్దల్లో కలపొచ్చాండి?"

వాళ్లబ్బాయి సిడ్నీలో ఉంటాడు. అక్కడి పక్కింటాయన తన పూర్వీకుడు ఇంగ్లండ్ నుంచి సంకెళ్లతో వచ్చిన ఖైదీ అని కాగితాలు వెతికి తీసి, పటం కట్టించి గోడకు తగిలించాడట. 1788 నుంచి 1868 దాకా బ్రిటన్ సుమారు 1,62,000 మందిని అలా ఆస్ట్రేలియాకు తోలింది. చాలాకాలం అక్కడి కుటుంబాలు కూడా ఆ సంగతి కప్పిపెట్టుకున్నాయి. ఇప్పుడు వాళ్లే వెతుక్కుంటున్నారు. అది చూసి కొడుకు ఫోన్ చేసి, మనింట్లో ఎవరైనా ఉన్నారా నాన్నా అని అడిగాడట.

కలపవచ్చని ఆయనకు అప్పుడే చెప్పాను. ఎందుకు కలపవచ్చో వివరంగా చెప్పే తీరిక ఆ పొద్దున లేదు. అది ఇక్కడ రాస్తున్నాను.

మొదటి అడ్డంకి సముద్రం. బౌధాయన ధర్మసూత్రం మనిషిని పతితుణ్ని చేసే పనుల్లో సముద్రయానాన్ని చేర్చింది. 1858 మార్చిలో మొదటి ఖైదీల ఓడ పోర్ట్‌బ్లెయిర్ చేరిన నాటి నుంచి కాలాపానీ అంటే జనం వణికింది చాకిరీకి, జ్వరాలకు మాత్రమే కాదు. ఒడ్డు దాటితే కులం పోయినట్టే, ఇంటికి చచ్చినట్టే. మరి ఈ రోజు? 2008 మార్చిలో ఇక్కడ విమానాశ్రయం మొదలైనప్పటి నుంచి శంషాబాద్ మీదుగా సముద్రాలు దాటుతున్న మన పిల్లలకు లెక్క లేదు. వాళ్ల ప్రయాణాలకు ముహూర్తాలు పెట్టేది నేనే. సిడ్నీ నుంచి వీడియో కాల్‌లో కూర్చున్నవాళ్ల చేత ఆబ్దికం పెట్టించేదీ నేనే. సొంత ఇష్టంతో వెళ్లిన కొడుకుకు అంటని దోషం, సంకెళ్లు వేసి ఎక్కించిన ఆ పెద్దకు ఎలా అంటుతుంది?

రెండో అడ్డంకి పాపం. ఇది తేలిగ్గా తీసేసేది కాదు, ఒక ప్రాణం పోయింది. కానీ ఆ పాపం వంశానికి దిగుతుందా? తండ్రి అప్పు కొడుకు తీర్చాలని గట్టిగా చెప్పిన యాజ్ఞవల్క్య స్మృతే, తాగుడుకూ జూదానికీ చేసిన అప్పునూ, తండ్రి కట్టకుండా మిగిల్చిన జరిమానానూ కొడుకు తీర్చనక్కర్లేదంది. శిక్షలో మిగిలిన బాకీ వారసత్వం కాదన్నమాట. మనుస్మృతి ఇంకో అడుగు ముందుకు వేసింది. తప్పు చేసి రాజు చేత శిక్ష అనుభవించినవాడు పుణ్యం చేసినవాడిలాగే నిర్మలుడై స్వర్గానికి పోతాడంది. వాల్మీకి పూర్వకథ మనకు చిన్నప్పటి నుంచీ తెలుసు. దారి దోపిడీ సొమ్ము తిన్న ఆలుబిడ్డలే, ఆ పాపంలో మాకు వాటా లేదు పొమ్మన్నారు. అన్నారే గానీ ఆయన వాళ్ల మనిషి కాకుండా పోలేదు.

అడగాల్సిందంతా అడిగాక కార్గో ఆయన గొంతు తగ్గించి ఒక మాటన్నాడు. "మన్యం తిరుగుబాటులో పోయినాయనైతే బాగుండునండి."

ఆ కోరిక నాకు అర్థమైంది. 1857 జులై 17న హైదరాబాద్ కోఠీలోని బ్రిటిష్ రెసిడెన్సీ మీద తుర్రేబాజ్ ఖాన్‌తో కలిసి దాడి చేసిన మౌల్వీ అలావుద్దీన్‌ను 1859లో అండమాన్ పంపారు. ఆయన అక్కడే కన్నుమూశారు. 1879లో కల్లు మీద పన్నుకూ, మన్సబ్‌దారు, పోలీసుల దౌర్జన్యానికీ తిరగబడ్డ రంప మన్యం వాళ్లలో చాలామందిని ఆ దీవులకే తోలారు. అల్లూరి సీతారామరాజు అనుచరుడు గాం మల్లుదొర అండమాన్ శిక్ష అనుభవించి తిరిగొచ్చి, 1952లో విశాఖపట్నం నుంచి లోక్‌సభకు ఎన్నికయ్యారు. ఇలాంటి పెద్దల పేర్లు ఏ పళ్లెం ముందైనా తలెత్తుకుని చెప్పవచ్చు.

అయితే అండమాన్‌కు చేరినవాళ్లలో ఎక్కువమంది వీరులు కారు. పొలం గట్టు దగ్గర గొడ్డలి ఎత్తినవాళ్లు, దోపిడీల్లో దొరికినవాళ్లు, ఏదో ఒక రాత్రి కోపంలో చేయి జారినవాళ్లు. వాళ్లకూ తల్లులున్నారు, పిల్లలున్నారు. వీరుడని తేలితేనే నీళ్లు వదులుతాం అంటే, మనం తలుచుకునేది పెద్దను కాదు, మన పరువును. పితృకార్యం మంచి నడవడికకు ఇచ్చే యోగ్యతాపత్రం కాదు.

నాలుగో తరం కాబట్టి ఆయన మూడు పిండాల వరసలోకి రాడు, నిజమే. అందుకే సర్వకారుణ్య తర్పణం ఉంది. తల్లీ తండ్రీ బంధువూ గోత్రమూ లేకుండా పోయినవాళ్లందరికీ అందులో చోటుంది. దేశాంతరం పోయి పన్నెండేళ్లు కబురు లేనివాడికి మోదుగ కాడలతో బొమ్మ చేసి దహనం చేయమని కూడా పెద్దలు విధి చెప్పారు. తిరిగి రానివాళ్లు ప్రతి కాలంలోనూ ఉంటారని వాళ్లకు తెలుసు.

చివర ఆయన్ను నేనొకటి అడిగాను, ఆ ఖూనీలో చనిపోయిన మనిషి ఎవరని. తెలియదన్నాడు. "ఆయనకూ వదులుదాం" అన్నాను. అరచేతిలో దర్భలు, నల్లనువ్వులు వేసి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నుంచి నీళ్లు జారవిడిచాం. మొదట వాళ్ల పెద్దకు, తర్వాత ఆ పెద్ద చేతిలో పోయిన పేరు తెలియని మనిషికి. రెండోసారి ఆయన చేయి వణికింది. చంపినవాణ్ని తలుచుకోవడం అంటే చేసినదాన్ని మాఫీ చేయడం కాదు. చచ్చిపోయినవాణ్ని కూడా గుర్తుపెట్టుకోవడం.

మన ఇళ్లలో ఇలా నోట రాని పేర్లు ఉంటాయి. మీ ఇంట్లో ఉంటే ముసలివాళ్లు ఉండగానే అడిగి రాసుకోండి. ఓపిక ఉంటే వెతకండి. మద్రాసు రాజధాని నాటి న్యాయశాఖ దస్త్రాలు చెన్నై ఎగ్మోర్‌లోని తమిళనాడు ఆర్కైవ్స్‌లో, పోర్ట్‌బ్లెయిర్ కాగితాలు ఢిల్లీలోని నేషనల్ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. ఖైదీ పేరు, తండ్రి పేరు, కులం, నేరం ఆ పట్టీల్లో రాసేవారు. దొరికినా దొరకకపోయినా, వచ్చే పెత్రమాసకు పళ్లెం పట్టుకుని ఆ పేరు పైకి చెప్పండి. పేరు తెలియకపోతే అండమాన్ పోయిన మా పెద్ద అనండి, చాలు. ఆయన వల్ల నష్టపోయిన ఇంటిని కూడా తలుచుకుని ఇంకో దోసెడు నీళ్లు వదలండి.