ఎవరి తరఫున, ఎవరిని అడిగి?

కెనడాకు చెందిన బయోవేర్ సంస్థ 2007లో తెచ్చిన 'మాస్ ఎఫెక్ట్' వీడియో గేమ్ చివర్లో ఒక ఎంపిక ఎదురవుతుంది. కథాకాలం 22వ శతాబ్దం. 'సిటడెల్' అనే అంతరిక్ష కేంద్రం నుంచి గెలాక్సీ వ్యవహారాలు నడిపే కౌన్సిల్‌లో అసారీ, టూరియన్, సలేరియన్ అనే మూడు జాతులకే చోటుంది. పెద్ద యుద్ధం ముగిశాక మొదటిసారి మనుషులకూ స్థానం దక్కుతుంది. ఎవరిని పంపాలి? సైనికాధికారి ఆండర్సన్‌నా, దౌత్యవేత్త ఉడీనానా? మనం ఆడే పాత్ర, కమాండర్ షెపర్డ్, ఒక పేరు చెప్పాలి.

షెపర్డ్‌ని స్త్రీగా ఎంచుకుని ఆడవచ్చు. మగ వీరులతో నిండిపోయిన ఆటల మధ్య, జెన్నిఫర్ హేల్ గొంతుతో ఒక స్త్రీ సైన్యాన్ని నడిపించడం ఊరటగానే ఉంటుంది. కానీ ఆమె ముందున్నవి రెండూ మగ పేర్లే. గెలిపించింది ఆమె. కుర్చీ మాత్రం వాళ్ళలో ఒకరిది.

ఇద్దరిలో మంచివాడెవరన్నదే ఆట మనల్ని అడిగే ప్రశ్న. జవాబు ముందే సిద్ధంగా ఉంది. ఉడీనా షెపర్డ్ ఓడను కదలనివ్వడు. ఆండర్సన్ తన ఉద్యోగాన్ని పణంగా పెట్టి దాన్ని విడిపిస్తాడు. ఆ కృతజ్ఞతతో ఆండర్సన్ పేరు చెప్పడం సహజం. అయితే షెపర్డ్‌కి మేలు చేసినవాడు వందల కోట్ల మందికి మేలు చేస్తాడని ఏమిటి నమ్మకం? వాళ్ళనెవరూ అడగలేదు. వాళ్ళందరి బదులు పేరు చెప్పే అధికారం షెపర్డ్‌కి యుద్ధం గెలిచినందువల్ల వచ్చింది. ఆయుధం పట్టినవాళ్ళే ప్రతినిధిని నిర్ణయించాలన్న తర్కం, ఆ ఆయుధం స్త్రీ చేతిలో ఉన్నంత మాత్రాన స్త్రీవాదమైపోదు.

వోలస్ జాతి సంగతి చూడండి. మనుషులకంటే ఎన్నో శతాబ్దాల ముందే సిటడెల్‌కి వచ్చారు. ఆర్థిక వ్యవహారాల్లో ఆరితేరినవాళ్ళు. అయినా కౌన్సిల్‌లో చోటు లేదు. రాయబార కార్యాలయాన్ని కూడా ఎల్కార్ జాతితో పంచుకోవాలి. నిన్నగాక మొన్న వచ్చిన మనుషులు ముందుకు పోతున్నారని వాళ్ళ రాయబారి సణుగుతాడు. ఇంటి పద్దులన్నీ చూస్తూ, ఇంటి నిర్ణయాల్లో మాట చెల్లని ఆడవాళ్ళకు ఆ సణుగుడు అర్థమవుతుంది.

హనా పిట్కిన్ 1967లో ప్రాతినిధ్యంపై రాసిన పుస్తకంలో రెండు విషయాలను విడదీసి చూపింది. ప్రతినిధి మనలాంటి మనిషి కావడం ఒకటి, మన కోసం పనిచేయడం ఇంకొకటి. ఆ పనిలో మన మాటకు స్పందించే గుణం ఉండాలంటుంది. ఆండర్సన్, ఉడీనా ఇద్దరూ మనుషులే. కానీ ఆట మనకు చూపించినంతవరకు, వాళ్ళను మామూలు మనుషులు నిలదీసే దారే లేదు.

2010లో వచ్చిన రెండో ఆటలో, మనం ఆండర్సన్‌ని ఎంచుకుని ఉంటే, ఉడీనా అతని సలహాదారుగా పక్కనే కనిపిస్తాడు. కుర్చీ పక్కన ఇంకో మనిషి నిలబడటం మనకు కొత్తేమీ కాదు. 73వ రాజ్యాంగ సవరణ 1993లో అమల్లోకి వచ్చి, పంచాయతీల్లో కనీసం మూడోవంతు స్థానాలు స్త్రీలకు దక్కాక, భార్య పేరుతో పెత్తనం చేసే సర్పంచ్ భర్తలూ తయారయ్యారు. అయినా ఆ సర్పంచ్ ఓట్లతో వచ్చింది. గ్రామసభలో జనం ఆమెను అడగవచ్చు. అలా జవాబు చెప్పుకుంటూనే పని నేర్చుకుని, భర్తను పక్కకు జరిపిన స్త్రీలున్నారు. ఆండర్సన్‌కి ఆ గ్రామసభ లేదు.

2012లో మూడో ఆట వచ్చేసరికి, మనం ఎవరి పేరు చెప్పినా ఆ స్థానంలో ఉడీనాయే ఉంటాడు. ఆండర్సన్ సైన్యంలోకి తిరిగి వెళ్ళిపోయాడు. ఉడీనా కౌన్సిల్‌పై కుట్రలో చేయి కలుపుతాడు. మా ఎంపికకు విలువేదని చాలామంది ఆటగాళ్ళు నొచ్చుకున్నారు. అడిగి పక్కన పడేస్తే ఎవరికైనా బాధే. మరి ఆ కథలో ఎవరూ అడగని కోట్లమంది మాటేమిటి? ఆండర్సన్ ఎంత మంచివాడైనా, వాళ్ళు అతన్ని ఆపలేకపోయారు, ఉడీనాను దించలేకపోయారు. మనకు ఎవరు ప్రతినిధి అని ఎక్కడ చర్చ జరిగినా, మంచివాళ్ళ పేర్లు వెతికే ముందు ఈ హక్కు మన చేతిలో ఉందో లేదో చూసుకోవాలి.