విద్యార్థి దినచర్య – ఆత్మపరిశీలన

గడచిన దినమును గూర్చి రాత్రివేళ కొంతసేపు ఆలోచించుట చిన్న పనిగా కనిపించును. కాని లోకములోని సమస్త విషయములను పరిశీలింపగల మానవునకు తన దినమును తాను పరిశీలించుకొనుటయే మిక్కిలి కష్టము. ఇతరుల తప్పొప్పులను తూచుటకు అందరియొద్దను త్రాసు కలదు. తన నడతను తూచుకొనవలసివచ్చినప్పుడు మాత్రము చేయి తెలియకయే ఒక వైపునకు మొగ్గును.

ఈ అభ్యాసము అలవడుటకు కళాశాల విద్యార్థి దశ తగిన కాలము. ఇల్లు విడిచి, క్రొత్త స్నేహముల నడుమ, తన కాలమునకు తానే యజమానియైన మొదటి దినములవి. ఆ వయస్సున పలువురు ఒక నోటుపుస్తకమున తమ మనోభావములను వ్రాసికొందురు. ఇది మంచి అలవాటే. మహాత్మా గాంధీ తమ ఆశ్రమవాసులు దినచర్య వ్రాయవలెనని కోరిరి. గురజాడ అప్పారావు గారు (1862–1915) దినచర్యలు వ్రాసియుంచిరి. ఆదిలాబాదు జిల్లాకు చెందిన సామల సదాశివ గారు (1928–2012) తమ జ్ఞాపకములను ‘యాది’ అను పేర గ్రంథస్థము చేసిరి. అందు తమ గొప్పకంటె తామెరిగిన గురువులు, మిత్రులు, కవులు, గాయకులే ఎక్కువగా కనిపింతురు.

ఇచట ఒక ప్రశ్న పుట్టుచున్నది. తన్ను గూర్చి తాను వ్రాసికొనినదంతయు ఆత్మపరిశీలన యగునా? కాదు. “ఈ దినము నాకేమి జరిగినది?” అనునది ఒక ప్రశ్న. “ఈ దినము నాకు ఎవరివలన లభించినది? దానిని నేనేమి చేసితిని?” అనునది మరియొక ప్రశ్న. మొదటిదానితో ఆగినవాని వ్రాత వట్టి ముచ్చటగా మిగులును. రెండవదానికి సాగినప్పుడే అది పరిశీలన యగును.

ఉదాహరణమునకు ఈ ప్రాంతపు విద్యార్థి స్థితినే తీసికొనవచ్చును. గోదావరీతీరమున బాసరలో 2008వ సంవత్సరమున రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయము వెలసినది. పదవ తరగతి మార్కుల ననుసరించి చేరిన పిల్లలు ఆరు సంవత్సరములు అచటనే నివసించి ఇంజనీరింగు విద్య ముగింతురు. 2016 నుండి బాసర నిర్మల్ జిల్లాలోనిదైనను, పూర్వపు ఆదిలాబాదు పల్లెలకు అది దగ్గరి చదువే. పదునైదు పదునారేండ్ల ప్రాయమున నల్లరేగడి చేల నడుమనుండి వచ్చిన బాలుడు ఆ ప్రాంగణమున అడుగిడును. రాత్రి పుస్తకము తెరచి ఇట్లు వ్రాసికొనును: భోజనము రుచింపలేదు, పాఠము ఇంగ్లీషులో సాగినందున సగమే అర్థమైనది, స్నేహితుడు పలుకరింపలేదు, ఇల్లు జ్ఞప్తికి వచ్చినది.

ఇవి నిజమైన బాధలే. వీనిని తేలికగా కొట్టివేయరాదు. కాని అదే దినమున తల్లి చేనిలో నడుము వంచి పత్తి ఏరుచుండును. తండ్రి బండి నింపుకొని ఆదిలాబాదు మార్కెట్టు యార్డున వరుసలో నిలిచియుండును. అచట పత్తిలోని తేమను యంత్రముతో కొలుతురు. తేమ 8 శాతమునకు మించనిచో భారత పత్తి సంస్థ పూర్తి మద్దతు ధర చెల్లించును. అంతకు మించినకొలది ధర తగ్గును. 12 శాతము దాటినచో కొనుగోలే లేదు. మంచు ఆరకముందు ఏరిన పత్తి ఈ పరీక్షకు నిలువదు. రైతు దానిని ఎండలో ఆరబోసికొనవలసినదే. కుమారుని పుస్తకములకు, ప్రయాణములకు, చేతిలోని ఫోనునకు ధనము ఆ పత్తినుండియే వచ్చినది. అతని నోటుపుస్తకమున మాత్రము ఆ సంగతి ఒక్క పంక్తియు లేదు.

వ్రాతకును ఇట్టి పరీక్ష కలదు. పరులు మెచ్చవలెనని వ్రాసినదియు, తనపై తనకే జాలి పుట్టునట్లు వ్రాసినదియు తడిసిన పత్తివంటివి. బరువు తూగును గాని అందులో దూది పెరుగదు.

దీనికొక ఆక్షేపణ కలదు. పరీక్షలు, పోటీలు, తలిదండ్రుల ఆశలు అను బరువుతో ఇప్పటికే క్రుంగిన పిల్లవానిని “నీ ఋణమును తలంచుకొనుము” అనుట మరింత భారము కాదా? ఈ ఆక్షేపణ న్యాయమైనదే. “నీకొరకే మేము కష్టపడుచున్నాము” అను మాట నిత్యము వినిపించు ఇంట, పరీక్ష తప్పిన సంగతి చెప్పుటకే బిడ్డ భయపడును. ఆ భయము ఒక్కొక్కప్పుడు ప్రాణముమీదికే తెచ్చును. ఋణమును ఎరుగుట వేరు, ఋణపత్రము చూపి బెదరించుట వేరు. మొదటిది ప్రేమను పెంచును, రెండవది నోరు నొక్కును. తన తప్పును చూచుకొనుట తన్ను తాను ద్వేషించుకొనుట కారాదు. మోయరాని దుఃఖము కలిగినప్పుడు పుస్తకమున వ్రాసి మూసివేసిన చాలదు. నమ్మకమైన ఒక మనుష్యునితో నోరు విప్పి చెప్పవలెను.

దినపు లెక్కను ఎట్లు సరిచూడవలెనో శరణుల చరిత్రలో ఒక నిదర్శనము కలదు. ఆయ్దక్కి మారయ్యకు బియ్యపుగింజలు ఏరి తెచ్చుటయే కాయకము. ఒకనాడు ఆయన అవసరమునకు మించి తెచ్చెను. భార్య లక్కమ్మ అది గమనించి, ఎక్కువైన గింజలను తెచ్చినచోటనే పోసి రమ్మనెను. ఆమె భర్తను త్రోసిపుచ్చలేదు. ఆ దినపు లెక్కను సరిచేసెను. తప్పును చూపి మనిషిని నిలుపుకొనుట అనగా ఇదియే.

బాసరలోనే సరస్వతీ ఆలయమున పసిపిల్లలకు అక్షరాభ్యాసము జరుగును. పెద్దలు బిడ్డ చేతిని తమ చేతితో పట్టి అక్షరము దిద్దింతురు. మొదటి అక్షరమును ఎవ్వడును ఒంటరిగా వ్రాసియుండలేదు. పెరిగి పెద్దవాడై తన కథను తాను వ్రాసికొను విద్యార్థి మరువరానిది ఈ సంగతియే.

కావున సెలవులకు ఇల్లు చేరిన బిడ్డను మార్కులు అడుగుటకు ముందు, దినములెట్లు గడచుచున్నవో తలిదండ్రులు అడుగవలెను. వాని నోటుపుస్తకమును అనుమతి లేక తెరువరాదు. విద్యార్థి నిలయములు నడుపు మఠములు సాయంకాల ప్రార్థనానంతరము కొంతసేపు మౌనమునకు చోటిచ్చిన మేలు. విద్యార్థియో, నిద్రించుటకు ముందు మూడు ప్రశ్నలు వేసికొనవలెను: నేడు నాకు అన్నము పెట్టిన చేతులెవరివి? నేను ఎవరికి అక్కరకు వచ్చితిని? రేపు సరిదిద్దుకొనవలసినది ఏది? వీనికి నిజమైన సమాధానము రెండు పంక్తులైనను చాలును. పిదప దీపమార్పి నిశ్చింతగా నిద్రింపవచ్చును.