బలపము కొఱికెడు బిడ్డ

2022లో కర్నూలు జిల్లానుండి విడివడి నంద్యాల జిల్లాలో చేరిన మా డోన్ ప్రాంతమున బలపపు రాయి దొరకును. అట్టి రాతిని కోసి చేసిన పుల్లతోనే మన పూర్వులెందఱో అక్షరములు దిద్దిరి. వ్రాయుటకిచ్చిన బలపమును కొఱికి తినెడు పిల్లలను బడిలో చూడని ఉపాధ్యాయుడుండడు. చొక్కా అంచు నములువారు, గోళ్లు కొఱుకువారు, వ్రేలు చీకువారు వీరికి తోడు. దీనిని మనము దురభ్యాసమని యెంచి బెత్తమువంక చూతుము. ఇది నిజముగ దోషమేనా, లేక మాటలలో చెప్పుకొనలేని బిడ్డ చేయు విన్నపమా యని విచారింపవలసియున్నది.

లోకమును తెలిసికొనుటకు శిశువునకు నోరు తొలి సాధనములలో నొకటి. చేతికందినదానినెల్ల నోటబెట్టుకొని మెత్తనిదో గట్టిదో, నున్ననిదో గరుకైనదో తెలిసికొనును. పాలు రాకున్నను చీకుటచేతనే పసికందు ఊరడిల్లుననియు, సూది గ్రుచ్చిన బాధ సయితము కొంత తగ్గుననియు వైద్యులు చెప్పుదురు. మన్ను తిన్న కుమారుని దండింపబోయి యశోద నోరు తెఱపింపగా బ్రహ్మాండము కనబడెనను కథ మనమెఱిగినదే. భక్తులు దానియందు భగవన్మహిమను చూచిరి. ఉపాధ్యాయుడు గ్రహింపవలసినది మఱియొకటి కలదు: ఆమె దండించుటకు ముందు చూచెను.

చూచినచో మనకేమి కనబడును? కొందఱియందు రక్తహీనత. ఒంటిలో ఇనుము తగ్గినవారికి మన్ను, సుద్ద, బలపము తినవలెనను కోరిక పుట్టుట కలదు. అట్టివారిని వైద్యునియొద్దకు పంపవలెను. కొందఱియందు కేవలము అలవాటు. మఱికొందఱియందు భయము. 2009 అక్టోబరులో తుంగభద్ర పొంగి కర్నూలును ముంచినపుడు ఇండ్లు విడిచి పరుగెత్తినవారిలో బడిపిల్లలును ఉండిరి. కర్నూలు పడమటి మండలములనుండి మిరపకాయలు కోయుటకు గుంటూరు సీమకు వలసపోవు కుటుంబములలో కొందఱు బిడ్డలు బడి విడిచి వెంట పోవుదురు, కొందఱు అవ్వతాతలయొద్ద మిగులుదురు. త్రాగి వచ్చిన తండ్రిచేతి దెబ్బలకు వరదతో పనిలేదు. ఇట్టి బిడ్డ బలపము కొఱికినపుడు కొట్టుట, భయమునకు భయమును చేర్చుటయే.

అమెరికాలోని లాస్ ఏంజెలిస్ బడులలో, హింసకు లోనైన 126 మంది ఆఱవ తరగతి పిల్లలను గూర్చిన పరిశోధన 2003లో వెలువడెను. వారిని చిన్న గుంపులుగా పదిసార్లు కూర్చుండబెట్టి, భయమును గుర్తించుట, ఒడలిని నెమ్మదింపజేసికొనుట, జరిగినదానిని క్రమముగ తలచుకొనుట నేర్పిరి. మూడు నెలలకు ఆ పిల్లల భయలక్షణములు, తమవంతుకై వేచియున్న పిల్లలకంటె మిక్కిలి తగ్గెను. తల్లిదండ్రులును మార్పును గమనించిరి. ఉపాధ్యాయులకు మాత్రము తరగతిలో చెప్పదగిన భేదము కనబడలేదు. ఈ చివరి మాట మనము మఱవరానిది. బిడ్డ బాధ పెరిగినను తగ్గినను మన కుర్చీయందుండి తెలియకపోవచ్చును. తెలియనిదానిపై తీర్పు చెప్పుట ధర్మమెట్లగును?

ఐదేండ్లు లాలించి, పిమ్మట పదియేండ్లు దండింపవలెనని నీతిశాస్త్రమున్నది కదా యని కొందఱందురు. ప్రతి తప్పునకును ఒక రుగ్మత పేరు పెట్టినచో బిడ్డకు బాధ్యత యెక్కడిదని మఱికొందఱు. రెండవ ప్రశ్న త్రోసివేయదగినది కాదు. కాని కారణము తెలిసికొనుట నియమమును రద్దు చేయుట కాదు. బలపము తినరాదను నియమము నిలుచును. దానిని నిలుపు మార్గమే మాఱును. తెలిసి చేసినదానికే బాధ్యత. తనకే తెలియక చేయుచున్న పనికి శిక్ష పొందిన బిడ్డ నేర్చుకొనునది దాచుకొనుట మాత్రమే.

2010 ఏప్రిల్ 1నుండి అమలులోనికి వచ్చిన విద్యాహక్కు చట్టము తన 17వ విభాగమున శరీరదండనను, మానసిక వేధింపును నిషేధించినది. చట్టము చేతిని ఆపగలదు, కన్ను తెఱపింపలేదు. ఆ పని మనదే. తరగతి యెదుట నిలబెట్టి గుచ్చి గుచ్చి అడుగుటయు వేధింపే. త్రాగుటకు నీరిచ్చి, దగ్గఱ కూర్చుండబెట్టుకొని, ఇంటివారితో మెల్లగ మాటాడి, చెప్పదలచినపుడు వినుట ఉపాధ్యాయుని వంతు. భయము తగ్గక నిద్రాహారములు చెడినచో మానసిక వైద్యుని వంతు. ఈ రెండును తల్లిదండ్రులు సిగ్గుపడవలసినవి కావు. రేపు మీ యింట బిడ్డ బలపము కొఱుకుచు కనబడినచో, చేయెత్తకముందు వానిని దగ్గఱకు పిలువుడు.