అట్టముక్క వెల, ఆటగాడి విలువ

వెల, విలువ అనే రెండు మాటలనూ నిత్యవ్యవహారంలో మనం ఒకదానికి బదులు మరొకటి వాడేస్తూ ఉంటాం. వాడుకలో దానివల్ల వచ్చే నష్టమేమీ లేదు. కాని ఆలోచనలో కూడా ఆ తేడా చెరిగిపోయిందంటే, అంగడి చెప్పిన తీర్పే లోకం తీర్పుగా చెలామణీ అయిపోతుంది. ఈ తేడాను తేల్చుకోవడానికి అమెరికాలో వేలానికి వచ్చిన ఒక చిన్న అట్టముక్క మనకు బాగా ఉపకరిస్తుంది.

2022 ఆగస్టులో అక్కడ జరిగిన వేలంపాటలో, అరచేతిలో ఇమిడే ఒక రంగుల అట్ట 1 కోటి 26 లక్షల డాలర్లకు పోయింది. క్రీడలకు సంబంధించిన ఏ వస్తువుకూ అప్పటికి అంత ధర పలకలేదు. దానిమీద ఉన్నది మికీ మాంటిల్ బొమ్మ. బేస్‌బాల్ ఆటలో బంతిని మైదానం అవతల పడేటట్టు కొట్టి, నాలుగు స్థానాలూ చుట్టివస్తే దాన్ని హోమ్ రన్ అంటారు. న్యూయార్క్ యాంకీస్ జట్టు తరఫున మాంటిల్ అటువంటివి 536 కొట్టాడు. అతని తండ్రి ఓక్లహోమాలో సీసం, తుత్తునాగం గనుల కార్మికుడు. ఇక ఆ అట్ట పుట్టుక చూస్తే, బ్రూక్లిన్‌లోని టాప్స్ అనే చూయింగ్‌గమ్ కంపెనీ 1952లో పిల్లలను ఆకర్షించడానికి పొట్లంలో పెట్టిన తాయిలం. పొట్లం ఖరీదు కొద్ది సెంట్లు.

కొద్ది సెంట్ల సరుకు కోటి డాలర్ల నిధి ఎట్లా అయింది? ఆ వరుసలోని చివరి అట్టలు ఆటల కాలం ముగిసేవేళకు బజారుకు వచ్చాయి. దుకాణదారులు తీసుకోలేదు. మిగిలిన పెట్టెలు గోదాములో పడి ఉండగా, 1960 ప్రాంతంలో వాటిని పడవకెక్కించి అట్లాంటిక్ సముద్రంలో పారబోయించానని కంపెనీ ఉద్యోగి సై బెర్గర్ తరువాతి కాలంలో చెప్పాడు. పిల్లల చేతికి చేరినవాటిలో చాలాభాగం చిరిగీ నలిగీ పోయాయి. ఇల్లు సర్దేటప్పుడు తల్లులు చెత్తలో పారేశారు. ఆనాడు ఎవరికీ అక్కరలేకపోవడమే ఈనాటి కొరతకు మూలం.

ఇక్కడ కొందరు అర్థశాస్త్ర పండితులు ఉత్సాహపడి, విలువకు శ్రమ మూలమన్న సిద్ధాంతం ఈ అట్టముక్కతో కూలిపోయిందంటారు. ఇది కొత్త ఆక్షేపణ కాదు. అరుదైన చిత్రాలు, శిల్పాలు, పాత నాణేల వంటివి శ్రమతో పెంచుకోగలిగినవి కావనీ, వాటి ధర కొనేవారి సంపదనూ కోరికనూ బట్టి మారుతుందనీ రికార్డో మొదటే మినహాయించాడు. మళ్ళీ ఉత్పత్తి చేయడానికి వీలులేని పురాతన వస్తువుల ధర అనేక యాదృచ్ఛిక కారణాల కలయికవల్ల ఏర్పడవచ్చునని మార్క్స్ ‘పెట్టుబడి’ మూడవ సంపుటంలో చెప్పాడు. కనుక అట్టముక్క సిద్ధాంతాన్ని కూల్చలేదు. ఎవరి చేతుల్లో ఎంత మిగులు ధనం పోగుపడి ఉన్నదో మాత్రం చూపింది.

అయితే మన మిత్రులు కొందరు ఇంతటితో తృప్తిపడి, సేకరణ అంతా ధనవంతుల వ్యసనమని కొట్టివేస్తారు. అది తొందరపాటు. తన అభిమాన ఆటగాని బొమ్మను దాచుకున్న పిల్లవాడు ఏ పెట్టుబడీ పెట్టలేదు. ఆ బొమ్మ అతనికి ఒక కాలాన్నీ, ఒక ఆశనూ గుర్తుచేస్తుంది. జ్ఞాపకం కూడా మనిషికి ఒక అవసరమే. ఆ అవసరం తీర్చే వస్తువుకు ఉపయోగ విలువ ఉన్నది. తాళపత్రాలు పోగుచేసినవారూ, పాత పత్రికలు భద్రపరచినవారూ లేకపోతే మన సాహిత్యచరిత్రలో ఎంత మిగిలేది?

చిక్కు మరొకచోట ఉన్నది. మన భాషలో ప్రియమంటే ఇష్టం; ప్రియమంటే అధిక ధర కూడాను. ఈ అంగడిలో ఆ రెండర్థాలూ పరస్పర శత్రువులైపోయాయి. పిల్లవాడు జేబులో పెట్టుకు తిరిగిన అట్ట, స్నేహితునితో మార్పిడి చేసుకున్న అట్ట, సైకిలు చక్రం ఊచల మధ్య దోపి టపటపలాడించిన అట్ట మూలలు అరిగి చౌకయిపోతుంది. ఎవరి చెయ్యీ తగలని అట్ట ప్రియమౌతుంది. మాంటిల్ అట్టకు నాణ్యత నిర్ణయించే సంస్థ పదికి తొమ్మిదిన్నర మార్కులు వేసింది; అవి అంచులకూ, మూలలకూ, రంగులకూ వేసిన మార్కులు. 1980ల చివర జనం ఈ రహస్యం కనిపెట్టామనుకుని, లాభం కోసమే అట్టలు కొని పెట్టెల్లో దాచారు. కంపెనీలు కోకొల్లలుగా అచ్చువేశాయి. అందరూ దాచినందువల్లనే వాటిలో చాలావాటికి నేడు చిల్లర ధర కూడా రావడం లేదు.

ఇంతకూ ఆ బొమ్మలోని మనిషికి దక్కినదెంత? 1960ల మధ్య వరకూ టాప్స్ కంపెనీ ఒక్కొక్క ఆటగానికి ఇచ్చినది ఏడాదికి 125 డాలర్లు. అంతకుముందు ఉక్కు కార్మికుల యూనియన్‌లో ఆర్థికవేత్తగా పనిచేసిన మార్విన్ మిల్లర్ 1966లో ఆటగాళ్ళ సంఘం నాయకత్వం చేపట్టాడు. ఒప్పందాలు తిరిగి రాయవద్దని ఆటగాళ్ళకు చెప్పాడు. చివరకు 1968లో కంపెనీ ఆ మొత్తాన్ని రెట్టింపు చేసి, అమ్మకాలలో వాటా కూడా ఇవ్వవలసివచ్చింది. ఏ వేలంపాటలోనూ ఈ చరిత్రకు మార్కులు లేవు.

హాంక్ ఆరన్ సంగతి కూడా చూద్దాం. అలబామాలో పుట్టిన ఈ నల్లజాతి ఆటగాడు 1974 ఏప్రిల్ 8న 715వ హోమ్ రన్ కొట్టి, బేబ్ రూత్ పేర ఉన్న 714 రికార్డును దాటాడు. తెల్లవాని రికార్డు జోలికి వస్తే చంపుతామని అంతకుముందు అతనికి కుప్పలుగా ఉత్తరాలు వచ్చాయి. ఆరన్ వాటిని పారవేయలేదు. 2021లో మరణించేదాకా బ్రతికిన ఆ మనిషి, జరిగినది మరువరాదని వాటిని దాచుకున్నాడు. 1954లో అచ్చయిన అతని తొలి అట్ట కూడా అంగడిలో గొప్ప ధర పలుకుతుంది. ఆ అట్టమీద నవ్వు ఉన్నది. ఆ నవ్వుకు తరువాత చెల్లించవలసివచ్చిన మూల్యం ఉత్తరాలలో ఉన్నది. రెండూ కాగితాలే. అమెరికా సమాజాన్ని అర్థం చేసుకోదలచినవారికి ఏది లేకపోతే ఎక్కువ లోటు?

కనుక దాచుకోవడం తప్పా, ఒప్పా అని వాదించడం నిష్ప్రయోజనం. దాచుకునేవారిని ఒక్క ప్రశ్న అడగాలి: రేపు దీని వెల సున్నా అయితే అప్పుడు కూడా దీన్ని ఉంచుకుంటావా? ఉంచుకుంటాననే అతని దగ్గర మూలలు విరిగిన అట్ట ఉన్నా, దానికి విలువ ఉన్నట్టే. ఆరన్ ఆ ఉత్తరాలు పెట్టెలో పెట్టుకున్నప్పుడు వాటి వెల ఎంతని ఎవరినీ అడగలేదు.